గుమ్మం మీద గీతలు

మన సంఘం పత్రికకి ఏదో ఒకటి రాసి ఇమ్మని సంపాదకులు రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. కనిపించినప్పుడల్లా "ఈ నెల పనెక్కువండీ" అని తప్పించుకు తిరిగాను. నేను రచయితని కాను. వంతెనలు తనిఖీ చేసే సివిలింజనీరుని. ఏ వంతెనలో ఎక్కడ పగులొచ్చింది, కిందటేడాదికీ ఈ ఏడాదికీ ఎంత పెరిగింది అని కొలిచి రాసుకోవటం నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళకి పైగా చేస్తున్నాను. అంత కొలతలరాయుణ్ణీ, నా ఇంట్లో కొలతని నేనే చదవలేకపోయాను. ఆ సంగతి చెప్పటానికే ఈ నాలుగు ముక్కలూ. పిల్లలున్న ఇళ్ళలో ఎవరికైనా పనికొస్తుందేమోనని, అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. "నా పేరు వెయ్యకు నాన్నా, మిగతాదంతా రాసుకో" అంది.

మాకిద్దరు పిల్లలు. అబ్బాయి 2001లో పుట్టాడు, అమ్మాయి 2006 మార్చిలో. క్లీవ్‌లాండ్ శివార్లలో ఈ ఇల్లు కొన్నప్పటినుంచీ మాకొక ఆచారం ఉంది. ఉగాదినాడు పచ్చడి నోట్లో పెట్టాక పిల్లలిద్దర్నీ వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తలమీద పుస్తకం పెట్టి, ద్వారబంధం మీద పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తాను. అబ్బాయి గీతలు ఎడమవైపు, అమ్మాయివి కుడివైపు.

2014 ఉగాది కార్యక్రమంలో పిల్లలచేత నాటిక వేయించారు. మావాడికి వరసగా మూడో ఏడు కూడా వామనుడి వేషమే. పదమూడేళ్ళు నిండినా నాలుగడుగుల ఎనిమిదంగుళాలే ఉన్నాడు మరి. నాటిక అయ్యాక పులిహోర తింటుంటే పెద్దాయన ఒకరు, "ఏమండోయ్, మీవాడు త్రివిక్రముడయ్యేదెప్పుడు?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడు పళ్ళెం పక్కన పెట్టేసి లేచిపోయాడు. కారులో ఇంటికి వచ్చిందాకా నోరు విప్పలేదు. ఆ రాత్రి మా ఆవిడ, "ఏవండీ, వీణ్ణొకసారి ఎవరికైనా చూపిద్దాం" అంది.

అదే కార్యక్రమంలో అమ్మాయి కూడా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లని ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు చంకనెత్తుకుని, "బొమ్మలా ఉందమ్మా మీ పాప" అని ముద్దుచేశారు. మేం మురిసిపోయాం.

మా పిల్లల డాక్టరు మమ్మల్ని హార్మోన్ల వైద్యురాలి దగ్గరికి పంపించారు. ఆవిడ అబ్బాయి ఎత్తూ బరువూ చూసి, మా ఇద్దరి ఎత్తులు అడిగి, కాగితం మీద చిన్న లెక్క వేశారు. అబ్బాయికైతే తల్లి ఎత్తుకి 13 సెంటీమీటర్లు కలిపి, దాన్ని తండ్రి ఎత్తుతో కూడి సగం చెయ్యాలి. అమ్మాయికైతే తండ్రి ఎత్తులోంచి 13 తీసేసి, తల్లి ఎత్తుతో కూడి సగం చెయ్యాలి. నేను 173, మా ఆవిడ 157. అబ్బాయికి 171న్నర వచ్చింది. కాస్త ఎగుడుదిగుడుగా పిల్లలు ఆ చుట్టుపక్కలికి చేరతారట. "మనవాళ్ళంతా పొట్టేగదా" అని నేను సర్దిచెప్పబోతే, "మీవాళ్ళ సంగతి ఈ లెక్కలోనే ఉంది లెండి" అన్నారావిడ.

తర్వాత ఎడమచేతికి ఎక్స్‌రే. ఎముకల ముదురుదనాన్ని బట్టి వయసు కడతారు. దానికొక బొమ్మల పుస్తకం ఉంది. గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు 1950లో అచ్చువేసింది. అందులోవి మన క్లీవ్‌లాండ్ పిల్లల చేతులే! 1931కీ 1942కీ మధ్య ఇక్కడ తీసిన ఎక్స్‌రేలు. ఎక్కువగా కలిగిన తెల్లవారి పిల్లలవి గనక మనవాళ్ళ విషయంలో కాస్త చూసుకుని చదవాలట. వాడి వయసు పదమూడైతే, చెయ్యి పదకొండేళ్ళ పిల్లవాడిది.

"మీరెప్పుడు ఎదిగారు?" అని డాక్టరుగారు నన్నడిగారు. గుర్తులేదన్నాను. ఇంటికొచ్చి తెనాలికి ఫోను చేస్తే మా అమ్మ, "అదేమిట్రా, మర్చిపోయావా? ఇంటరు చదివేటప్పుడు కూడా బస్సులో కండక్టరు నీకు అరటిక్కెట్టే కొట్టేవాడు. ఇంజనీరింగులో చేరాక ఏడాదిలో మూడుసార్లు ప్యాంట్లు కుట్టించారు మీ నాన్న" అంది.

డాక్టరుగారు అది విని నవ్వారు. తండ్రిలాగే ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు, ఆరునెలలు ఆగి చూద్దామన్నారు. నేనొప్పుకోలేదు. కొలిచే సాధనం ఉండగా కొలవకుండా ఊరుకోవటమేమిటని పట్టుబట్టాను. ఆ జులైలో వాడికి పెరుగుదల హార్మోను పరీక్ష చేశారు.

ఈ పరీక్ష గురించి రెండు మాటలు చెప్పాలి. థైరాయిడుకి చేసినట్టు ఒక్కసారి రక్తం తీసి దీన్ని తేల్చలేరు. ఈ హార్మోను మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలోంచి రోజంతా ఒకే తీరున రాదు, విడతలు విడతలుగా వస్తుంది. అందులో ఎక్కువ భాగం రాత్రి గాఢనిద్రలోనే. పగలు రక్తం తీస్తే నిక్షేపంలాంటి పిల్లవాడిలో కూడా దాదాపు సున్నా ఉండవచ్చు. అందుకని మందులిచ్చి గ్రంథిని ఉసిగొల్పి, అరగంటకోసారి రక్తం తీసి, ఎంతెత్తుకి లేచిందో చూస్తారు. మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు దాటితే బాగున్నట్టు అన్నది ఇక్కడ చాలాకాలంగా నడిచిన లెక్క. ఈమధ్య కొలిచే పద్ధతులు మారి చాలాచోట్ల 7 అంటున్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఒక్కొక్కసారి ఆ గీత దాటరు. యుక్తవయసు రాబోయే ముందున్న పిల్లల్లోనూ, ఒళ్ళున్న పిల్లల్లోనూ అది మరీ మామూలు. అందుకే ఒక మందుతో సరిపెట్టుకోరు, రెండిటితో చూస్తారు.

మావాడికి 13 వచ్చింది. "పాసయ్యాడు!" అని ఫోనులోనే అరిచాను. ఆ సాయంత్రం పిజ్జా తెప్పించాం. అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది.

నవంబరులో వాణ్ణి మళ్ళీ చూపించటానికి వెళ్ళాం. చూసుకునేవాళ్ళు ఎవరూ దొరక్క అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్ళాం. ఎత్తు చూసే బల్లమీద నుంచి అన్న దిగీదిగగానే, "నన్నూ కొలవండి" అని అది ఎక్కి నిలబడింది. నర్సమ్మ సరదాకి కొలిచి "నూట పదహారు" అంది. డాక్టరుగారు ఏదో రాసుకుంటున్న వారల్లా తలెత్తి, "పాప వయసెంత?" అన్నారు.

"ఎనిమిది దాటి ఎనిమిది నెలలు."

ఆవిడ కలం పక్కన పెట్టారు. "ఈ పాప పాత కొలతలు మీ దగ్గరేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. పిల్లల డాక్టరు ఏటేటా ఇచ్చిన కాగితాలు ఉన్నాయి, చూసి మడిచి సొరుగులో పడేసినవి. గుమ్మం మీద గీతలున్నాయి. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక టేపు తీసుకుని వంటింట్లో నేలమీద చతికిలపడ్డాను. నాలుగో ఏటినుంచి ఐదో ఏటికి ఐదున్నర సెంటీమీటర్లు. ఆ తర్వాతి ఏడాది నాలుగున్నర. ఆ తర్వాత మూడున్నర. కిందటేడు కూడా మూడున్నర. గీతకీ గీతకీ మధ్య సందు తగ్గిపోతూ వచ్చింది. ఎడమవైపు అబ్బాయి గీతలు కిందనే ఉన్నా, వాటి మధ్య ఎడం మాత్రం ఏటేటా ఇంచుమించు ఒకటే.

వంతెన మీద ఒక్కసారి తీసిన కొలతకి విలువలేదని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేనే పాఠం చెబుతాను. రెండు కొలతలూ, రెండు తేదీలూ ఉంటేనే పగులు సంగతి తెలుస్తుందంటాను. నాలుగేళ్ళపాటు నా చేత్తో నేను గీసి, తేదీలు వేసి, ఎడమవైపే చూశాను.

మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి, "దానికి రెండేళ్ళుగా చలికోటు కొనలేదండీ. పాతదే సరిపోతోంది. కలిసొచ్చిందనుకున్నాను" అంది.

ఎందుకలా జరిగిందని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మగపిల్లవాడు పొట్టిగా ఉంటే నలుగురూ అంటారు. ఆడపిల్ల పొట్టిగా ఉంటే ముద్దుచేస్తారు. "మరీ పొడుగైతే సంబంధాలు కష్టమమ్మా, ఇదే నయం" అన్న మాట సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు మా ఇంట్లోనే విన్నాను, కాదనలేదు. డాక్టరుగారి దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే, "మీరొక్కరే కాదు. నా దగ్గరికి అబ్బాయిల్ని తెచ్చినంతగా అమ్మాయిల్ని తీసుకురారు. తెచ్చేసరికి ఆలస్యం కూడా అవుతుంది" అన్నారు. నన్ను ఓదార్చటానికే అన్నారు గానీ, నాకు ఓదార్పు కలగలేదు.

అమ్మాయికి ముందు మామూలు రక్తపరీక్షలు చేశారు. థైరాయిడు, రక్తహీనత, గోధుమ పడని జబ్బు. ఆడపిల్లలు ఎదగకపోతే టర్నరు లక్షణమేమో చూడటానికి క్రోమోజోముల పరీక్ష తప్పకుండా చేస్తారట, అదీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఐజీఎఫ్-1 అని, పెరుగుదల హార్మోను ప్రేరణ మీద ఎక్కువగా కాలేయం తయారుచేసే పదార్థం ఒకటుంది. అది రోజంతా నిలకడగా ఉంటుంది గనక ఒక్కసారి తీసిన రక్తంలోనే తెలుస్తుంది. అది దాని వయసుకి బాగా తక్కువగా ఉంది. చేతి ఎక్స్‌రే ఆరేళ్ళ పిల్లదని చెప్పింది. ఇక అసలు పరీక్ష మిగిలింది.

2015 జనవరిలో ఒక తెల్లవారుజామున, సరస్సు మీదినుంచి మంచు దిబ్బలు దిబ్బలుగా కురుస్తుంటే బయల్దేరాం. అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు. దారిపొడుగునా, "ఆకలేస్తోంది నాన్నా" అంటూనే ఉంది. చేతికి మొద్దుబారే మలాము రాసి ఒకే ఒక్క సూది గుచ్చారు. ఆ తర్వాత రక్తమంతా ఆ గొట్టంలోంచే తీస్తారు, మళ్ళీ మళ్ళీ గుచ్చరు. ముందు అర్జినీను అనే ఎమైనో ఆమ్లాన్ని సెలైనులా అరగంటసేపు ఎక్కించారు. అరగంటకోసారి చిన్న చిన్న సీసాల్లోకి రక్తం. తర్వాత క్లోనిడీను మాత్ర వేశారు. అది అసలు రక్తపోటుకి వాడే మందు. దానితో మత్తుగా నిద్రపోయింది. నర్సమ్మ మాటిమాటికీ రక్తపోటు చూసుకుంటూనే ఉంది. నాలుగు గంటలూ దాని పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పాదాలెంత చిన్నవో అప్పుడు చూశాను.

వారం తర్వాత డాక్టరుగారే ఫోను చేశారు. మొదటి మందుకి 4.1, రెండోదానికి 5.2. నేను కాగితం మీద అంకెలు రాసుకుంటూ, "రెండింట్లోనూ ఫెయిలయిందన్నమాట" అన్నాను. అమ్మాయి మెట్లమీద కూర్చుని ఉందని చూసుకోలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర అడిగింది. "అన్నయ్య పాసయ్యాడు గదా. నేను ఫెయిలయ్యానా?"

మన ఇళ్ళలో ఫెయిలు అన్న మాట ఎంత బరువైనదో మీకు చెప్పనక్కర్లేదు. అన్న పాసయినందుకు పిజ్జా తెప్పించింది నేనే. తడబడుతూ, "ఇందులో మార్కులుండవమ్మా" అన్నాను.

"మరి పది రావాలన్నారుగా?"

నాకు జవాబు తోచలేదు. మా ఆవిడే అందుకుంది. "తెనాలిలో నాయనమ్మ దొడ్లో నుయ్యి చూశావు గదా. నీళ్ళు ఎంతవరకున్నాయో తెలియాలంటే ఏం చేస్తాం? చేద వేసి చూస్తాం. చేద సగమే నిండితే నుయ్యి ఫెయిలయిందంటామా? నీళ్ళు తక్కువున్నాయి, ఇంకోచోట్నుంచి తెచ్చుకుందాం అంటాం. అంతే."

అమ్మాయి కాసేపు ఆలోచించి, "మరి అన్నయ్యకి పిజ్జా ఎందుకు?" అంది.

"మీ నాన్నకి బుద్ధిలేక" అంది మా ఆవిడ. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మర్నాడు పిజ్జా కూడా తెచ్చాను.

ఆ రెండంకెలతోనే డాక్టరుగారు తేల్చెయ్యలేదు. గ్రంథి దగ్గర కణితిలాంటిది ఏమైనా ఉందేమోనని ఎమ్మారై తీయించారు. దాని ఫలితం వచ్చిందాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు. కణితి లేదు. గ్రంథి కాస్త చిన్నదిగా ఉందన్నారు, మిగతా హార్మోన్లన్నీ సరిగానే ఉన్నాయన్నారు. "అంకెలొక్కటే అయితే నేను నమ్మేదాన్ని కాను. మీ గుమ్మం, చేతి ఎముకలు, ఐజీఎఫ్, ఈ పరీక్షా అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. అందుకని నమ్ముతున్నాను" అన్నారావిడ.

బీమా కంపెనీవాళ్ళు మొదట కుదరదన్నారు. ఉత్తరాలూ ఫోన్లూ నడిచి, గుమ్మం మీద కొలతల పట్టిక కూడా జతచేసి పంపాక, మూడు నెలలకి ఒప్పుకున్నారు. ఈలోగా నేను ఈ మందు చరిత్ర చదివాను. 1958లో బోస్టనులో రేబెన్ అనే వైద్యుడు మొదటిసారి ఒక కుర్రవాడికి మానవ పెరుగుదల హార్మోను ఇచ్చి ఎత్తు పెరిగేలా చేశాడు. అప్పట్లో దాన్ని చనిపోయినవాళ్ళ గ్రంథుల్లోంచి తీసేవారు. అందుకని బహు కొరత. బాగా లోపమున్న పిల్లలకే అందేది. 1985లో, ఆ మందు తీసుకున్నవాళ్ళలో కొందరికి క్రాయిట్స్‌ఫెల్ట్-జాకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చిందని తెలిసి అమెరికాలో దాన్ని ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో, బాక్టీరియాల చేత ప్రయోగశాలలో తయారుచేయించిన హార్మోనుకి ఇక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. మా అమ్మాయికి ఇచ్చింది అలా తయారైన మందే. ముప్ఫై ఏళ్ళు ముందు పుట్టి ఉంటే దాని గతేమిటన్న ఆలోచన రాకుండా ఉంటుందా?

ఆ వేసవి నుంచి రోజూ రాత్రి పడుకోబోయే ముందు సూది. కలంలాంటి సాధనం, వెంట్రుకంత సూది. ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన దాని చోటు. మొదటి వారం ఏడ్చింది, రెండో వారం నా చేతిలోంచి లాక్కుని తనే పొడుచుకుంది. (ఇప్పుడు కొందరు పిల్లలకి వారానికోసారి ఇచ్చే రకాలు కూడా వచ్చాయి, మొదటిదానికి 2021లో అనుమతి దొరికింది.) మొదటి ఏడాదిలో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరిగింది. 2016 ఉగాదికి గీత గీస్తుంటే నా చెయ్యి వణికింది. మా ఆవిడ ఆ మధ్యాహ్నమే చలికోటు కొనటానికి బయల్దేరింది, వేసవి వస్తుంటే!

అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. వాడికి ఏ మందూ వెయ్యలేదు. పదిహేనో ఏట మొదలుపెట్టి, నాకులాగే ప్యాంట్లన్నీ పొట్టిచేసుకుంటూ ఐదడుగుల ఎనిమిదంగుళాలకి చేరాడు. వాడికి నేను పట్టుబట్టి చేయించిన పరీక్ష నిజానికి అక్కరలేదు. అక్కరున్న పిల్ల పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టింది.

అమ్మాయికి ఎదుగుదల పూర్తయ్యాక 2021లో సూదులు ఆపేశారు. ఇప్పుడు ఐదడుగుల ఒకటిన్నర అంగుళం, కాలేజీలో చదువుతోంది. మందు ఆపాక మళ్ళీ ఒకసారి పరీక్ష చేస్తారు, పెద్దయ్యాక కూడా హార్మోను కావాలా వద్దా అని తేల్చటానికి. చిన్నప్పుడు ఈ ఒక్క హార్మోనే తక్కువైన పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక సరిపడా ఉంటుందట. 2022లో ఆ పరీక్షకి నన్ను గదిలోకి రానివ్వలేదు. ఈసారి గ్లూకగాను. వాంతొచ్చినట్టు ఉంటుందని చెప్పినా, పుస్తకం పట్టుకుని తనే లోపలికి వెళ్ళింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఫలితం కూడా తనే ఫోనులో విని, నా గదిలోకి తల పెట్టి, "నూతిలో నీళ్ళున్నాయట" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక పెద్ద తరహాగా నాలుగు మాటలు. ఆరునెలలకోసారి చెప్పులు విప్పించి, ఒకే గోడకి, ఒకే మనిషి కొలవండి. తేదీ వెయ్యండి. నాలుగేళ్ళ వయసు దాటాక యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి ఐదు సెంటీమీటర్లకి, అంటే రెండంగుళాలకి తగ్గితే డాక్టరుకి ఆ కొలతలు చూపించండి. పిల్లవాడు పక్కవాడికన్నా పొట్టిగా ఉన్నాడని కాదు, తన కిందటేటి గీతకన్నా ఎంత పైకి వచ్చాడన్నది చూడండి. మీ పెద్దవాళ్ళకి ఫోను చేసి మీరెప్పుడు ఎదిగారో కనుక్కోండి. కొడుక్కెంత శ్రద్ధగా చూస్తారో కూతురికీ అంతే శ్రద్ధగా చూడండి. ఫలితం గురించి ఫోనులో మాట్లాడేముందు మెట్లమీద ఎవరైనా కూర్చున్నారేమో చూసుకోండి.

కిందటేడు వంటింటికి రంగు వేయించాం. రంగులాయన ద్వారబంధం కూడా వెయ్యనా అని అడిగితే, మా ఆవిడ వద్దంది. ఎవరైనా మా ఇంటికి వస్తే చూడవచ్చు. కుడివైపు చూడండి.

సెలవు.